పూల్ టేబుల్‌కు ఏ క్లాత్ వేయించాలి? తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఒక సలహా

తిరుపతిలో పూల్ టేబుల్ కొనేవాళ్లు కాళ్ల చెక్కడం చూస్తారు, గుడ్డ కింద ఉండే రాతిపలక, అంటే స్లేట్, ఎంత మందమో అడుగుతారు, బంతులూ క్యూ కర్రలూ ఊరికే ఇస్తారా లేదా అని బేరమాడతారు. క్లాత్ దగ్గరికొచ్చేసరికి ఒక్క ప్రశ్నే మిగులుతుంది: "గ్రీనా, బ్లూనా?" ఆట మొత్తం జరిగేది ఆ గుడ్డ మీద. స్లేట్ మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది, బంతి తగిలి తిరిగొచ్చే అంచుల్లోని కుషన్ రబ్బరు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అరిగేది, చిరిగేది, మరకపడేది, మళ్లీ మళ్లీ డబ్బు పెట్టించేది క్లాతే. రంగు సంగతి తర్వాత చూద్దాం, ముందు తేల్చుకోవాల్సింది నేత.

నగరి, పుత్తూరు, నారాయణవనం వైపు మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్లకు పడుగు, పేక అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. బిలియర్డ్స్ క్లాత్ కూడా అట్లా నేసిందే. తేడా నూలు వడికే దగ్గరే మొదలవుతుంది.

మొదటి రకం నూగున్న ఊలెన్. పొట్టి ఊలు పోగులను అడ్డదిడ్డంగా ఉండగానే వడికి, మెత్తటి లావు నూలు తీసి నేస్తారు. నేసిన గుడ్డను తడిపి, మర్దించి, దట్టంగా ముడుచుకునేట్టు చేస్తారు. ఆపైన నూగు లేపి, సమంగా కత్తిరిస్తారు. అందుకే అందులో పడుగూ పేకా కంటికి ఆనవు, చెయ్యి పెడితే మెత్తగా తగులుతుంది.

రెండోది వర్‌స్టెడ్. దీనికి పొడుగు పోగులే కావాలి. వాటిని దువ్వి, అన్నిటినీ ఒకే వైపు పడుకోబెట్టి, గట్టిగా పురి పెట్టి వడుకుతారు. మంచి సూటు గుడ్డలదీ ఇదే జాతి. పైన నూగు దాదాపు ఉండదు, దగ్గరగా చూస్తే నేత గళ్లు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక ఆటలో ఏం జరుగుతుందంటే, నూగు బంతిని ప్రతి అంగుళంలో కొంచెం కొంచెం పట్టి ఆపుతుంది. ఒకే బలంతో కొట్టినా వర్‌స్టెడ్ మీద బంతి ఇంకా దూరం పోతుంది. అమెరికన్ ఎయిట్ బాల్, నైన్ బాల్ ఆడే పెద్ద బంతులు 57 మిల్లీమీటర్లవి. వాటిని మెల్లగా కొట్టి తెల్లబంతిని అనుకున్న చోట నిలబెట్టే ఆట వర్‌స్టెడ్ మీదే కుదురుతుంది. టోర్నమెంట్లలో అదే వేస్తారు. కొత్త ఆటగాళ్లకు మాత్రం మొదట్లో చేయి అదుపులోకి రాదు. తెల్లబంతి ఆగదు, రెండు కుషన్లు తగిలి ఏదో ఒక పాకెట్లో పడిపోతుంది. కొన్ని రోజులు ఆడితే సర్దుకుంటుంది.

నూగుకు ఇంకో గుణం కూడా ఉంది, దానికి దిక్కు ఉంటుంది. స్నూకర్ టేబుల్ మీద నూగు బాక్ వైపు (ఆట మొదలుపెట్టే చివర) నుంచి నల్లబంతి వైపు పడుకునేట్టు వేస్తారు. బ్రష్ చేసేదీ ఇస్త్రీ చేసేదీ ఆ దిక్కునే. మెల్లగా పోయే బంతిని నూగు తన వైపు కొద్దిగా లాగుతుంది. స్నూకర్ ఆడేవాళ్లు ఈ వంకర లెక్క నేర్చుకునే ఆడతారు. పూల్ పార్లర్లో అదే నూగు గుడ్డ వేస్తే ఏమవుతుందో తెలుసా? "అన్నా, టేబుల్ వాలిపోయింది, ఒకసారి లెవెల్ చూపించు" అంటారు కుర్రాళ్లు. ఓనరు లెవెల్ పెట్టి చూస్తే బుడగ నడిమధ్యలో ఉంటుంది. అట్లాంటప్పుడు కాళ్ల కింద అట్టముక్కలు పెట్టకండి. టేబుల్ మీద బంతిని రెండు దిక్కుల నుంచీ మెల్లగా కొట్టి చూడండి. ఒక వైపు పోయేటప్పుడే బంతి తిరుగుతుంటే తప్పు నూగుది.

మూడో రకం ఒకటి ఆన్‌లైన్ అంగళ్లలో తెగ అమ్ముడవుతుంది. పూర్తిగా పాలియెస్టర్, లేదా పేరుకు కాస్త ఊలు కలిపింది. ఫొటోలో మెరుస్తుంది, ధర చూస్తే ఆశ పుడుతుంది. ఇంట్లో పిల్లలకు కొన్న చిన్న టేబుల్‌కైతే చాలు. గట్టిగా బ్రేక్ (పేర్చిన బంతులను చెదరగొట్టే మొదటి షాట్) కొట్టేచోట వేస్తే మాత్రం రాపిడి వేడికి సింథటిక్ పోగులు కరిగి తెల్ల మచ్చలు పడతాయి, అవి ఎంత తుడిచినా పోవు. నైలాన్ కలిసిన ఊలు మీదా ఈ మచ్చలు పడతాయి గానీ ఇంత తొందరగా కాదు. గాంధీరోడ్డులో వెల్వెట్ దొరుకుతుంది గదా, క్రాఫ్ట్ అంగట్లో ఫెల్ట్ షీటుంది గదా అని కొందరు అడుగుతారు. ఆ రెండూ టేబుల్ మీద లాగి బిగించడానికి పనికిరావు. వెల్వెట్ కుచ్చు బంతిని కదలనివ్వదు. ఫెల్ట్ నేసిన గుడ్డే కాదు, బిగిస్తే సాగి చిరుగుతుంది.

పేరున్న కంపెనీల గురించి రెండు మాటలు. వర్‌స్టెడ్‌లో ముందు వినిపించే పేరు సిమోనిస్. బెల్జియంలోని వెర్వియే ప్రాంతంలో 1680 నుంచి గుడ్డ నేస్తున్న సంస్థ అది. దాని రకాల్లో పూల్‌కు ఎక్కువగా వాడేది 860 అనే నంబరుది. అందులో 90 శాతం ఊలు, 10 శాతం నైలాన్. 760లో ఊలు 70 శాతం, నైలాన్ 30 శాతం. 760 పల్చన, ఇంకా వేగం. నాకైతే పార్లర్‌కు 860 నయం అనిపిస్తుంది, 760 ఆట తెలిసినవాళ్ల ఇంటికి బాగుంటుంది. నూగు గుడ్డల్లో ఇంగ్లండ్‌వి రెండు పేర్లు: స్ట్రాచన్, హైన్స్‌వర్త్. స్ట్రాచన్ 6811 ప్రొఫెషనల్ స్నూకర్ టేబుళ్ల మీద కనిపించే రకం. హైన్స్‌వర్త్ 1783 నుంచి ఉన్న యార్క్‌షైర్ మిల్లు. చైనాలో నేసిన వర్‌స్టెడ్‌లూ వస్తున్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. సిమోనిస్ అని చెప్పి ఇంకేదో అంటగట్టే అమ్మకాలు కూడా ఉంటాయి కాబట్టి పేరు విని డబ్బు కట్టేయకండి. శాంపిల్ ముక్క తెప్పించుకోండి.

ఆ ముక్కను ఎట్లా పరీక్షించాలో చెప్తాను, ఇది ఎవరైనా చేయగలిగిందే. ముందు అరచేతితో ఒక వైపు నిమరండి, తర్వాత ఎదురు నిమరండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గరుకుగా ఉంటే నూగున్నది. రెండు వైపులా ఒకేలా ఉంటే వర్‌స్టెడ్. ముక్కను ట్యూబ్‌లైట్‌కు అడ్డంగా, కంటి ఎత్తులో పెట్టి అంచు మీదుగా చూడండి. నూగు ఉంటే వెలుతురులో సన్నటి వెంట్రుకలు లేచి కనిపిస్తాయి. ఇప్పుడు అంచు నుంచి ఒక పడుగు పోగు, ఒక పేక పోగు లాగండి. పళ్లెంలో పెట్టి, పట్టకారుతో పట్టుకుని, అగ్గిపుల్లతో ముట్టించండి. ఊలు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి బూడిదను వేళ్లతో నలిపితే పొడైపోతుంది. సింథటిక్ కరిగి, గట్టి పూసలా గడ్డకడుతుంది, నలిపితే నలగదు. రెండూ కలిసిన పోగు కొంచెం అట్లా, కొంచెం ఇట్లా చేస్తుంది. "నూటికి నూరు ఊలు సార్" అన్నవాడి గుడ్డ పూస కట్టిందంటే ఇక బేరం అక్కడితో ఆపేయొచ్చు. రెండు పోగులూ తీయమన్నది ఎందుకంటే పడుగుకు ఒకటి, పేకకు ఇంకొకటి వాడిన గుడ్డలూ ఉంటాయి.

బరువు విషయంలో ఒక తిరకాసుంది. ఈ క్లాత్ బరువు గజానికి ఔన్సుల్లో చెప్తారు. ఒక ఔన్సు 28 గ్రాముల పైచిలుకు. మామూలు పూల్ టేబుళ్లకు వచ్చే నూగు గుడ్డ సాధారణంగా 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్, 21 ఔన్సుల దరిదాపుల్లో ఉంటుంది. స్నూకర్ మ్యాచ్ గుడ్డ 30 ఔన్సుల ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడ గజం అంటే పొడవు గజం, వెడల్పు ఎంతుంటే అంత. కాబట్టి వెడల్పు వేరైన రెండు గుడ్డల ఔన్సులు పక్కపక్కన పెట్టి పోల్చలేం. అంగడివాడు బరువు చెప్తే వెడల్పు కూడా అడగండి. నూగు గుడ్డ బరువు ఎక్కువైతే అది వర్‌స్టెడ్ కంటే మంచిదని అనుకోవద్దు, అవి రెండు వేర్వేరు లెక్కలు.

ఇప్పుడు మన వాతావరణం. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడి. ఊలు తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమ పీల్చుకోగలదు, అంత పీల్చినా చేతికి తడి తెలియదు. అందుకే నవంబరులో టేబుల్ నెమ్మదిస్తుంది. పెద్ద పోటీల్లో స్నూకర్ టేబుళ్లకూ, పాకెట్లు లేని క్యారమ్ బిలియర్డ్స్ టేబుళ్లకూ స్లేట్ కింద హీటర్లు పెట్టేది ఈ తేమను తరమడానికే. మనకు అంత హంగు అక్కర్లేదు. రాత్రి ఏసీ ఆపి, పొద్దున మళ్లీ వేసే గదిలో గుడ్డ తేమ రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటుందని తెలిసుంటే చాలు. తేమకు నూగు గుడ్డ ఎక్కువ లొంగుతుంది, వర్‌స్టెడ్ తక్కువ. ఏసీ లేని మేడమీది గదిలో టేబుల్ పెట్టేవాళ్లు ఈ ఒక్క కారణానికైనా నైలాన్ కలిసిన వర్‌స్టెడ్ వైపు చూడాలి.

ఎవరికి ఏది అన్న ప్రశ్నలో నా మొదటి లెక్క గుడ్డ ధర మీద ఉండదు, బిగించే ఖర్చు మీద ఉంటుంది. క్లాత్ మార్చడం తెలిసిన ఫిట్టర్ మన దగ్గర అరుదు. చాలామంది చెన్నై నుంచి పిలిపిస్తారు, అది తిరుపతికి సుమారు 135 కిలోమీటర్లు. చిత్తూరు వాళ్లు బెంగళూరు నుంచి కూడా పిలుస్తారు. చౌక గుడ్డ వేసినా ఖరీదైన గుడ్డ వేసినా ఆయన కూలీ అంతే, రానుపోను చార్జీలు అంతే, టేబుల్ ఖాళీగా పడున్న రోజు నష్టమూ అంతే. వర్‌స్టెడ్ ధర నూగు గుడ్డకు కొన్ని రెట్లు ఉంటుంది, నిజమే. కానీ ఒక వర్‌స్టెడ్ అరిగేలోపు నూగు గుడ్డను రెండుసార్లు మార్పిస్తే కూలీ రెండుసార్లు కట్టినట్టు గదా.

అందుకే యూనివర్సిటీ హాస్టళ్ల దగ్గర, బైపాస్ రోడ్డులో గంటల లెక్కన పార్లర్ నడిపేవాళ్లు వర్‌స్టెడ్ వేయించడమే నయమంటాను. రోజుకు పన్నెండు గంటలు బంతులు దొర్లే చోట నూగు త్వరగా అరిగిపోతుంది. బ్రేక్ కొట్టే దారిలో నున్నటి బాట పడుతుంది, మిగతా చోట్ల పాత స్వెటర్ మీద లేచినట్టు ఉండలు లేస్తాయి. ఒకే టేబుల్ మీద రెండు వేగాలు. ఆట తెలిసిన కుర్రాడు రెండో రోజు నుంచి పక్క పార్లర్‌కు పోతాడు. ఇంకో మాట, వర్‌స్టెడ్‌కు కూడా శత్రువు ఉన్నాడు. పల్చన గనక, క్యూను పైకెత్తి పట్టుకుని బంతిని ఎగరేసే వీడియోలు చూసి వచ్చినవాడు ఒక్క పోటుతో చింపేస్తాడు. జంప్ షాట్, మాసే షాట్ (క్యూను నిలబెట్టి బంతిని వంకరగా తిప్పేది) వద్దని గోడకు బోర్డు పెట్టండి, చింపినవాళ్ల దగ్గర ఎంత తీసుకుంటారో కూడా అందులోనే రాయండి. రెండు టేబుళ్లుంటే ఒకటి వర్‌స్టెడ్, ఒకటి నూగు గుడ్డ పెట్టి, కొత్తవాళ్లను నూగు దాని మీదికి పంపడం కూడా మంచి ఏర్పాటే.

ఇంటికైతే నా సలహా తిరగబడుతుంది. ఆదివారం బంధువులొస్తే ఆడే టేబుల్, పిల్లలు గ్లాసులు పెట్టే టేబుల్, స్లేట్ బదులు ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన) పలక ఉన్న టేబుల్: వీటికి 21 ఔన్సుల నూగు గుడ్డ చాలు. వేగం తక్కువ కాబట్టి నేర్చుకునేవాళ్లకు బంతి మాట వింటుంది. మందంగా ఉంటుంది కాబట్టి పలకలో చిన్నచిన్న లోపాలను దాస్తుంది. పల్చటి వర్‌స్టెడ్ వేస్తే స్లేట్ అతుకు గీత, స్క్రూ గుంట, అన్నీ పైకి తేలతాయి. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌కూ ఇదే. అక్కడ టేబుల్ ఎవరిదీ కాదు, పిల్లలు దాని మీద ఎక్కి కూర్చుంటారు, ఖరీదైన గుడ్డ దండగ.

పాత క్లబ్బుల్లో ఉన్న 12 అడుగుల స్నూకర్ టేబుల్‌కు మాత్రం చర్చే లేదు, నూగున్న ఊలే వేయాలి. 52.5 మిల్లీమీటర్ల బంతి, ఇరుకు పాకెట్లు, ఆ ఆట అంతా నూగును లెక్కలో పెట్టుకునే పెరిగింది. గుండ్రటి పాకెట్ మూతులు, రెండంగుళాల చిన్న బంతులు ఉండే బ్రిటిష్ పూల్ టేబుళ్లకూ అంతే. స్నూకర్ పుట్టింది 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో. మన దేశంలో క్యూ ఆట అంటే చాలాకాలం బిలియర్డ్స్, స్నూకరే. నేను చూసిన ఫిట్టర్లలో కూడా ఎక్కువమంది స్నూకర్ టేబుళ్ల మీద చేయి తిరిగినవాళ్లే. మీరు నోరు విప్పకపోతే అలవాటు కొద్దీ పూల్ టేబుల్‌కు కూడా నూగు గుడ్డే తెస్తారు. వర్‌స్టెడ్ కావాలంటే ముందే చెప్పాలి, అది బిగించిన అనుభవం ఉందా అని కూడా అడగాలి.

ఎందుకంటే మంచి వర్‌స్టెడ్‌ను చెడ్డగా బిగిస్తే పెట్టిన డబ్బంతా బూడిదలో పోసినట్టే. పని ఎట్లా జరుగుతుందో పక్కన నిలబడి చూడండి. కుషన్ల బోల్టులు విప్పి పక్కన పెట్టాలి. పాత స్టేపుల్ పిన్నులు ఒక్కటీ మిగలకుండా పీకాలి, మిగిలినది కొత్త గుడ్డ కింద మొటిమలా లేస్తుంది. మూడు ముక్కల స్లేట్ అయితే అతుకుల్లో పాత మైనం గీకి, కొత్తగా తేనెమైనం కరిగించి పోసి, బ్లేడుతో చదును చేయాలి. అప్పుడు స్పిరిట్ లెవెల్. తర్వాతే గుడ్డ పరచడం. ఒక చివర బిగించి, రెండో చివర ఇద్దరు మనుషులు సమంగా లాగి, మధ్య నుంచి మూలలకు పిన్నులు కొట్టుకుంటూ పోవాలి. స్లేట్ అంచుకు చెక్క లేకపోతే పిన్నులు దిగవు, జిగురుతో అంటించాలి. ఆ సంగతి ముందే చూసుకోమనండి. బిగింపు చాలిందా లేదా తెలుసుకోవడం తేలిక. అరచేయి టేబుల్ మధ్యలో ఆనించి ముందుకు నెట్టండి. చేతి ముందు గుడ్డ అలలా లేస్తే వదులు, మళ్లీ లాగమనండి. వర్‌స్టెడ్‌కు నూగు గుడ్డ కంటే ఎక్కువ లాగుడు కావాలి.

కొలత విషయంలో పొరపాట్లు బాగా జరుగుతాయి. మనం ఎనిమిదడుగుల టేబుల్ అని పిలిచేదాని ఆట స్థలం కుషన్ ముక్కు నుంచి ముక్కు దాకా 88 అంగుళాలు, 44 అంగుళాలు. తొమ్మిదడుగులదైతే 100, 50. గుడ్డ ఈ కొలతకు సరిపోదు. కుషన్ల కింద స్లేట్ ఇంకా ఉంటుంది, అంచు మందం దిగాలి, చేతితో పట్టి లాగడానికి మిగులు ఉండాలి. స్లేట్‌ను కొలిచి పంపండి. ఆరు కుషన్లకు ఆరు పట్టీలు కూడా అదే థాను నుంచి కోయించండి. వేరే థానుదైతే రంగు ఛాయ మారుతుంది, కుషన్ తగిలి బంతి తిరిగొచ్చే తీరు కూడా మారొచ్చు.

రంగు సంగతి క్లుప్తంగా: పచ్చ, నీలం, రెండూ కంటికి హాయి. నీలం టీవీలో చూసి అందరూ అడుగుతున్నారు, క్యూ మొనకు రాసే నీలం చాక్ మరక దాని మీద తక్కువ కనిపిస్తుంది. నలుపు, ముదురు ఎరుపు కొత్త పార్లర్ల మోజు. వాటి మీద దుమ్ము, తెల్ల మచ్చలు ఎదురుగా కనిపిస్తాయి. ఏ రంగు వేసినా చాక్ అదే ఛాయలో కొనండి.

వేయించాక చేయాల్సింది పెద్దగా లేదు గానీ రోజూ చేయాలి. నూగు గుడ్డను ఒకే దిక్కున బ్రష్ చేయండి, అటూ ఇటూ కాదు. వర్‌స్టెడ్‌కు వాక్యూమ్ క్లీనర్ మెల్లగా పట్టి, కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది, ఇస్త్రీ వద్దు. బంతులు కడగండి, మురికి బంతి గుడ్డను గీరుతుంది. పాలియెస్టర్ బంతులు ఎక్కువ మచ్చలు చేస్తాయి, ఫినాలిక్ రెజిన్ బంతులు తక్కువ. బంతులు త్రికోణంలో పేర్చాక వాటిని గుడ్డలోకి కొట్టి కూర్చోబెట్టే అలవాటు మాన్పించండి, ఆ చోట గుంట పడుతుంది. ఇంకొకటి మన ఊరి ప్రమాదం: ఆయుధపూజ. ఏడాదంతా గ్లాసు పెట్టనివ్వని ఓనరే ఆరోజు టేబుల్ నడుమ పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, పైన కర్పూరం వెలిగిస్తాడు. బొట్టు చెక్క మీద పెట్టండి, కాళ్లకు పెట్టండి, హారతి పక్కన నిలబడి ఇవ్వండి. పసుపు ఊలుకు పట్టిందంటే వదలదు.

పని అయ్యాక మిగిలిన ముక్కలను ఫిట్టర్ చుట్టేసి సంచిలో వేసుకుంటాడు. అవి అడిగి తీసుకోండి. చేతి వెడల్పు ముక్కొకటి కత్తిరించి బ్రేక్ కొట్టేటప్పుడు తెల్లబంతి కింద పెట్టిస్తే ఆ మచ్చ టేబుల్ మీద పడకుండా దాని మీదే పడుతుంది. మిగతాది చుట్టి పెట్టుకోండి. కుషన్ పట్టీ ఒకటి చిరిగినప్పుడు అదే రంగు ముక్క మళ్లీ దొరకడం కష్టం.